జడ్జిగారి లెక్కలో మన చేను ఉందా?

జడ్జీలకి ఎకనామిక్స్ నేర్పించాలన్న మాట ఢిల్లీలో కొన్నేళ్ళుగా నడస్తంది. తీర్పు ఇచ్చేముందు దానివల్ల ఎంత డబ్బు పోద్ది, ఎన్ని ఉద్యోగాలు పోతాయి, ఎవరి పెట్టుబడి మునుగుద్ది అని జడ్జిగారు లెక్క చూసుకోవాలనేది దాని సారాంశం. వినడానికి ఇదేదో మనకి సంబంధం లేని పెద్దోళ్ళ యవ్వారంలాగా ఉంటది. కానీ ముదినేపల్లి, కైకలూరు, మండవల్లి, బంటుమిల్లి వైపు కుర్రోళ్ళు, ఆడపిల్లలు దీన్ని కాస్త ఆగి చదవాలి. మన చేను పక్కన చెరువు తవ్వినా, మన కౌలుకి కాయితం లేకపోయినా, మన ఇంటి మనిషి రోడ్డు మీద పోయినా ఆఖరికి యవ్వారం తేలేది కోర్టులోనే. అక్కడ కూర్చున్న మనిషికి ఏ లెక్కలు వచ్చో, ఏవి రావో దాన్నిబట్టే మన చేతికొచ్చేది ఉంటది.

నా మాట ముందే చెప్తన్నా. జడ్జీలకి ఎకనామిక్స్ రావాల్సిందే. లాయర్లకి ఇంకా ఎక్కువ రావాలి. అయితే ఆ పాఠం ఎవరు చెప్తన్నారు, ఎవరి ఖర్చుతో చెప్తన్నారు, అందులో ఎవరి నష్టం లెక్కకొస్తంది అన్నది చూడకపోతే మాత్రం మనం మునుగుతాం. కంపెనీకి పోయింది రూపాయల్లో వేసి, చేనుకి పోయింది "పర్యావరణ సమస్య" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది సగం లెక్క. సగం లెక్క వచ్చినోడు నాకు లెక్కలొచ్చు అనే ధీమాతో ఉంటాడు. అందుకే లెక్కలు రానోడికన్నా వాడితోనే భయం.

ఊట నీళ్ళ పాఠం

మావైపు ఏ ఊరి పొలిమేరకెళ్ళినా ఇది కనపడుద్ది. ఒకపక్క వరి చేను. గట్టు దాటితే చేపల చెరువు. చెరువులో ఏడాది పొడుగూతా నీళ్ళు నిలవుంటాయి. గట్టు కిందనుంచి ఆ నీళ్ళు పక్క చేలోకి ఊరతా ఉంటాయి. కోతకొచ్చినా మడి ఆరదు. మిషను దింపితే దిగబడుద్ది. వరి తర్వాత మినుము చల్లుకుందామంటే చెమ్మ ఎక్కువై మొక్క కుళ్ళుద్ది. రెండేళ్ళు చూసి, మూడో ఏడు ఆ రైతు కూడా విసుగొచ్చి చేను చెరువుకే ఇచ్చేస్తాడు. అప్పుడు ఊట ఆ పక్క చేలోకి మొదలవుద్ది. మన మండలాల్లో చెరువు పక్కన చెరువు వచ్చినదాంట్లో లాభం కోసం వచ్చింది కొంతైతే, ఇట్టా తప్పక వచ్చింది కొంత.

దీన్నే ఎకనామిక్స్‌లో ఎక్స్‌టర్నాలిటీ అంటారు. మన భాషలో చెప్పాలంటే, సరుకు ఒకడిది, దాని ఖర్చులో కొంత పక్కోడిది. బొచ్చె, శీలావతి పట్టుబడి చేసి ఐస్ కొట్టి లారీకి ఎత్తేటప్పుడు మేత ఖర్చు, పిల్ల ఖర్చు, కరెంటు ఖర్చు, కౌలు అన్నీ లెక్కలోకి వస్తాయి. పక్క చేలో పోయిన మినుము మాత్రం ఆ లెక్కలో ఉండదు. అది ఇంకొకడి నోటికాడి కూడులోంచి పోయింది.

రొనాల్డ్ కోస్ అనే ఎకనామిస్టు 1960లో సరిగ్గా ఇట్టాంటి తగాదా మీదే ఒక వ్యాసం రాశాడు. ఆయన తీసుకున్నది పశువులు పక్కోడి పంటలో పడి మేసే తగాదా. దాన్ని మన ఊటకి పెట్టి చూద్దాం. ఉదాహరణకి చెరువు మీద ఏడాదికి లక్ష మిగులుద్ది, పక్క చేనుకి 30 వేలు నష్టం వస్తది అనుకోండి. ఊటని ఆపించే హక్కు చేను రైతుకి ఉంటే, చెరువాయన 30 వేలకి ఇంకొంచెం కలిపి ఇచ్చి ఒప్పించుకుంటాడు, చెరువు నడుస్తది. హక్కు చెరువాయనదే అయితే రైతు ఆ నష్టం నెత్తినేసుకుని కూర్చుంటాడు, అప్పుడూ చెరువు నడుస్తది. బేరానికి ఖర్చేమీ లేకపోతే ఎట్టా చూసినా ఊరు మొత్తానికి వచ్చే ఆదాయం ఒకటే. ఎవడి జేబులో పడుద్దన్నదే మారుద్ది.

సగం పాఠం నేర్చుకున్నోళ్ళు ఇక్కడే ఆగిపోతారు. "చెరువు మీద ఆదాయం ఎక్కువ, కాబట్టి చెరువు ఉండనీండి" అంటారు. కోస్ అంతటితో ఆగలేదు. నిజం బతుకులో బేరానికి ఖర్చు ఉంటది, ఆ ఖర్చు ఎక్కువైనప్పుడు చట్టం హక్కు ఎవరికిచ్చిందన్నదే ఫలితాన్ని తేలుస్తది అన్నాడు. ఒక పెద్ద చెరువు, చుట్టూ ఇరవై మంది చిన్న రైతులు, అందులో పది మంది కౌలుదార్లు. వీళ్ళంతా కలిసి ఒక మాట మీదకొచ్చి బేరం ఎట్టా ఆడతారు? ఎవరు పిలుస్తారు? ఎవరు సర్వేయర్ని తెస్తారు? అక్కడ బేరం జరగదు. జడ్జిగారు హక్కు ఎవరికి రాస్తే వాళ్ళదే బతుకు. ఈ కోస్‌కే 1991లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు చెప్పి పాఠం చెప్పేవాళ్ళు ఈ రెండో సగం కూడా చెప్పాలి కదా.

అమెరికాలో ఏం జరిగింది

జడ్జీలకి ఎకనామిక్స్ క్లాసులు చెప్పటం ఇప్పటి ముచ్చట కాదు. హెన్రీ మానీ అనే లా ప్రొఫెసర్ 1976లో అమెరికా ఫెడరల్ జడ్జీల కోసం ఒక క్లాసు మొదలుపెట్టాడు. మొదట్లో మయామీలో, తర్వాత కాలంలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ తరఫున నడిచింది. రెండు మూడు వారాలు జడ్జీలని ఒకచోట కూర్చోబెట్టి గిరాకీ, సరఫరా, ధర, పోటీ ఇవన్నీ చెప్పేవాళ్ళు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, పాల్ శామ్యూల్‌సన్ అంతటోళ్ళు వచ్చి పాఠాలు చెప్పారు. 1990 నాటికి ఫెడరల్ జడ్జీల్లో సుమారు 40 శాతం మంది ఆ క్లాసుకెళ్ళొచ్చారు. ఖర్చులో మంచి వాటా కంపెనీలు, వాటి తరఫు ఫౌండేషన్లు పెట్టుకున్నాయి.

మరి ఆ క్లాసులవల్ల తీర్పులు మారాయా? ఇలియట్ ఆష్, డేనియల్ చెన్, సురేశ్ నాయుడు అనే ముగ్గురు పరిశోధకులు లక్షల కొద్దీ తీర్పులని కంప్యూటర్లో పోసి చూశారు. 2022లో వాళ్ళ పేపరు బయటికొచ్చింది. క్లాసుకెళ్ళొచ్చిన జడ్జీల తీర్పుల్లో ఎకనామిక్స్ మాటలు పెరిగాయి. అంతవరకు అనుకున్నదే. దాంతోపాటు కార్మికుల యవ్వారాలు చూసే ప్రభుత్వ సంస్థలకి, పర్యావరణం చూసే సంస్థలకి వ్యతిరేకంగా తీర్పులివ్వటం కూడా పెరిగింది. క్రిమినల్ కేసుల్లో శిక్షలు కూడా కఠినమయ్యాయని వాళ్ళు తేల్చారు.

దీన్నిబట్టి ఎకనామిక్స్ చెడ్డది అనుకోకూడదు. శామ్యూల్‌సన్ రాసిన పాఠ్యపుస్తకంలోనే ఎక్స్‌టర్నాలిటీ గురించి ఉంటది. అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, క్లాసు ఊరికే తెలివిని పెంచి పంపదు, మనిషి ఏ వైపు నుంచి చూడాలో కూడా అలవాటు చేస్తది. మార్కెట్ సక్రమంగా నడిచే కథలు పది చెప్పి, మార్కెట్ తప్పే కథ ఒకటి చెప్తే, విన్నోడికి పది కథలే గుర్తుంటాయి. ఎవరు డబ్బు పెట్టి చెప్పించారో వాళ్ళకి నచ్చని పాఠం సిలబస్‌లో ఆఖరి రోజుకి పోద్ది.

మన దేశంలో లెక్క ఎక్కడిదాకా వచ్చింది

మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదివే వాళ్ళని అడగండి. సివిల్ చట్టాలు, క్రిమినల్ చట్టాలు, ఇంగ్లీషు. పేపర్లు ఇవే. ఐదేళ్ళ బీఏ ఎల్‌ఎల్‌బీలో ఎకనామిక్స్ సబ్జెక్టు ఉంటది గానీ, మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చదివొచ్చినోళ్ళకి డిగ్రీలో ఏది చదివితే అదే. తర్వాత శిక్షణకి భోపాల్‌లో జాతీయ జుడీషియల్ అకాడమీ ఉంది, రాష్ట్రాలకి వాటి అకాడమీలు ఉన్నాయి. 2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టంలో అయితే ఆ కోర్టుల జడ్జీలకి శిక్షణ ఏర్పాట్లు చేసుకోవచ్చని ఒక సెక్షనే పెట్టారు. అంటే కంపెనీల తగాదాలు చూసే జడ్జీకి శిక్షణ గురించి చట్టం ఆలోచించింది. ఊట నీళ్ళ తగాదా చూసే జడ్జీకి ఏంటి అన్నది ఎవరూ అడగలేదు.

2017లో సుప్రీంకోర్టు కర్ణాటకలో రెండు చక్కెర ఫ్యాక్టరీల తగాదా తేల్చింది. రెండింటి మధ్య 15 కిలోమీటర్ల దూరం ఉండాలని రూలు. దూరం చాల్లేదని ఒక ఫ్యాక్టరీ ఇంకోదాని మీద కేసేసింది. తీర్పు రాసిన జస్టిస్ ఎ.కె. సిక్రీ, జడ్జి ముందు చట్టమే చూడాలి, కానీ చట్టానికి రెండు అర్థాలు వచ్చే చోట దేశ ఆర్థికానికి మేలు చేసేదాని వైపు మొగ్గాలి అన్నారు. కట్టి నడస్తన్న ఫ్యాక్టరీ, అందులో పెట్టిన పెట్టుబడి, దానికి చెరకు తోలే రైతులు, పనిచేసేవాళ్ళు, ఇవన్నీ చూసి దాన్ని నడవనిచ్చారు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లా. దగ్గర్లో ఒకటే ఫ్యాక్టరీ ఉంటే వాడు చెప్పిందే రేటు, చెప్పినప్పుడే డబ్బు. రెండోది ఉంటే రైతు నోరు లేస్తది. ఇక్కడ ఎకనామిక్స్ రైతుకి పనికొచ్చింది.

ఇంకో వైపు చూడండి. నీతి ఆయోగ్, జైపూర్‌లోని కట్స్ అనే సంస్థతో ఒక అధ్యయనం చేయించింది. సుప్రీంకోర్టు, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన 5 తీర్పులవల్ల ఆర్థికంగా ఏం జరిగిందో లెక్కగట్టటం దాని పని. గోవా ఇనప గనులు, గోవాలోనే మోపా ఎయిర్‌పోర్టు, తమిళనాడు తూత్తుకుడిలో స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ అందులో ఉన్నాయి. జడ్జీలకి ఇట్టాంటి తీర్పుల ఆర్థిక ఫలితం తెలిసేట్టు చేయాలన్నది ఆ పని వెనకున్న ఉద్దేశం.

ఫ్యాక్టరీ మూస్తే కూలి పోద్ది, లారీ ఆగుద్ది, సర్కారుకి పన్ను తగ్గుద్ది. ఇవి నిజమైన నష్టాలే. మూయించిన జడ్జి ఆ కూలోళ్ళ సంగతి ఆలోచించాలి అనటంలో తప్పు లేదు. కానీ ఈ నష్టాలన్నిటికీ ఒక సుఖం ఉంది. బిల్లులు ఉంటాయి, బ్యాలెన్స్ షీట్ ఉంటది, జీఎస్టీ ఉంటది, కూడితే మొత్తం వచ్చేస్తది. ఊళ్ళో బోరు నీళ్ళు పాడైతే బిల్లు ఎవరిస్తారు? పిల్లోడి దగ్గుకి పదిసార్లు ఆస్పత్రికి తిరిగిన ఖర్చు ఏ బ్యాలెన్స్ షీట్లో ఉంటది? తూత్తుకుడిలో ఫ్యాక్టరీ కాలుష్యం మీద ఊళ్ళు కదిలాయి, 2018 మేలో పోలీసు కాల్పుల్లో 13 మంది పోయారు. సుళువుగా దొరికే అంకెలు ఒకపక్క వేసి, కష్టంగా దొరికేవి వదిలేస్తే అది జమాఖర్చుల పుస్తకం కాదు, ఒకడి ఖర్చు చీటీ.

మన తీరం మీద వేసిన లెక్క

కోర్టులు రెండో పక్క లెక్క కూడా వేసిన రోజులున్నాయి. అదీ మన తీరం మీదే. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ రొయ్యల చెరువుల మీద వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు ఆంధ్ర, తమిళనాడు తీరాలు తిరిగి లెక్కగట్టారు. రొయ్యల మీద వచ్చే ఆదాయం ఒకపక్క, ఉప్పెక్కిన పొలాలు, పాడైన మంచినీళ్ళు, పోయిన మడ అడవులు, చేపల వేట పోగొట్టుకున్న జనం ఇంకోపక్క పెట్టి చూస్తే నష్టమే ఎక్కువ తేలింది. కోర్టు ఆ లెక్కని తీర్పులో ఎక్కించింది. తీర ప్రాంత నియంత్రణ జోన్‌లో పెద్ద పెట్టుబడి రొయ్యల చెరువులు తీసేయమంది. అప్పుడు గొడవ చేసిన వాళ్ళున్నారు, పండగ చేసుకున్న వాళ్ళున్నారు. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ పెట్టి మళ్ళీ దారి ఇచ్చింది. నాగాయలంక, కృత్తివెన్ను వైపు ఈ రోజు మనం చూస్తన్నది ఆ దారిలో వచ్చిందే.

ఇక కొల్లేరు. 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా వన్యప్రాణి అభయారణ్యం అని జీవో 120 ఇచ్చారు. 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చెరువు గట్లు కొట్టేశారు. పొక్లెయిన్లు దిగటం, గట్లు పేల్చటం మావైపు పెద్దోళ్ళందరికీ గుర్తే. చట్టప్రకారం అభయారణ్యంలో చెరువులు ఉండకూడదు, అందులో వాదన లేదు. గట్లు అడ్డుపడితే బుడమేరు నీళ్ళు, మురుగు కాలవల నీళ్ళు ఉప్పుటేరుకి చేరవు, పైన ఊళ్ళు మునుగుతాయి. అదీ నిజమే.

నేను అడిగేది ఇంకోటి. ఆ చెరువుల మీద లాభం తిన్నది ఎవరు, గట్లు కొట్టినప్పుడు నష్టపోయింది ఎవరు? బయటినుంచి పెట్టుబడి పెట్టినోడు ముందటి పంటలతోనే అసలు రాబట్టుకుని ఉండొచ్చు, ఇంకోచోట చెరువు తీసుకోవచ్చు. లంక గ్రామంలో సొసైటీ వాటా మీద ఏడాదికి ఇంత అని కౌలు తీసుకునే ఇల్లు, చెరువు కాపలా మీద బతికే ఇల్లు ఎక్కడికి పోద్ది? గట్టు కొట్టటం ఎట్టాగూ తప్పనప్పుడు, ఎవరికి ఏ పూచీ ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి అన్నది కూడా లెక్కలో భాగమే. మొత్తం లాభమెంత, మొత్తం నష్టమెంత అన్నది ఒక్కటే చూస్తే, ఎవరి లాభం ఎవరి నష్టం అన్నది కనపడదు. ఆ పూచీ సరిగా లేనిచోట తీర్పు కాయితం మీదే మిగులుద్ది. కొట్టిన చోటే మళ్ళీ గట్లు లేచాయి. ఎందుకు లేచాయో పోలీసు కళ్ళతో చూస్తే నేరం కనపడుద్ది. ఎకనామిక్స్ కళ్ళతో చూస్తే, వేరే దారి చూపించకుండా మూసిన తలుపు కనపడుద్ది. జడ్జీకి ఈ రెండు చూపులూ కావాలి.

ఇంటి పనికి ధర కట్టిన తీర్పు

లెక్క సరిగ్గా నేర్చుకుంటే ఎట్టా ఉంటదో చూపించే తీర్పు ఒకటి ఉంది. అందులో ఒక జడ్జి మన జిల్లా మనిషే. పాత కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ. 2021 జనవరిలో, ఆయన చీఫ్ జస్టిస్ కాకముందు, రోడ్డు ప్రమాదంలో పోయిన భార్యాభర్తల కేసు. ఆవిడ ఉద్యోగం చేయదు కాబట్టి ఆవిడ ఆదాయం ఎట్టా కట్టాలి అన్నది ప్రశ్న. జస్టిస్ సూర్యకాంత్ రాసిన తీర్పుతో ఏకీభవిస్తా, రమణగారు విడిగా రాశారు. 2019 నాటి దేశవ్యాప్త సమయ వినియోగ సర్వే ముందు పెట్టుకున్నారు. ఇంటి పని మీద ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడతన్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ పనికి జీతం లేదు కాబట్టి విలువ లేదనుకోవటం తప్పు అని తేల్చారు. ఆ కేసులో పరిహారం 22 లక్షల నుంచి 33 లక్షల 20 వేలకి పెరిగింది.

ఇది మన ఇళ్ళలో ఎంత తేడా తెస్తదో చూడండి. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల ప్రకారం ప్రమాద పరిహారానికి ఒక లెక్క ఉంది. 35 ఏళ్ళ గృహిణి, ఆవిడ మీద ఆధారపడ్డవాళ్ళు నలుగురు అనుకుందాం. ఆవిడ పని విలువ నెలకి 6 వేలు అని జడ్జిగారు వేస్తే, ఏడాదికి 72 వేలు. ముందు ముందు పెరిగేదానికి 40 శాతం కలిపితే 1,00,800. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తే 75,600. ఆ వయసుకి 16తో గుణిస్తే 12,09,600. అదే నెలకి 12 వేలు వేస్తే 24,19,200. మిగతా సూత్రమంతా ఒకటే. మారింది ఒక్క అంకె. తెల్లారుజామున లేచి గేదెల పాలు తీసి, వంట చేసి, నాట్లకెళ్ళి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషి పని 6 వేలా 12 వేలా అన్నది జడ్జిగారి చేతిలో ఉంది. మన లాయరు సాక్ష్యం ఏం పెట్టాడన్నదాని మీద ఉంది. 12 లక్షల తేడా ఆ ఒక్క అంకెలో ఉంది.

వాయిదాల వడ్డీ

జడ్జీలకి మొట్టమొదట నేర్పాల్సిన పాఠం నన్నడిగితే, కాలానికి ఉన్న ధర. మనూళ్ళో అప్పు నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం డిక్రీ అయిన తర్వాత మామూలు బాకీలకి వడ్డీ ఏడాదికి 6 శాతం దాటకూడదు. వ్యాపార లావాదేవీలకి మినహాయింపు ఉంది, దావా నడిచిన కాలానికి ఎంత వడ్డీ వేయాలన్నది జడ్జిగారి విచక్షణ. సరే, ఒకడు మనకి 5 లక్షలు ఎగ్గొట్టాడు. ఆ డబ్బు బయట 24కి తిప్పితే ఏడాదికి 1,20,000. కోర్టు 6 శాతం వేస్తే వాడు మనకి కట్టాల్సింది 30,000. ఏడాదికి 90 వేలు వాడికి మిగులు. ఆరేళ్ళు వాయిదాలు లాగితే 5,40,000. బాకీకన్నా మిగులే ఎక్కువ! ఇంక వాడు కేసు తొందరగా ఎందుకు తేల్చుకుంటాడు? వాయిదా అడగటమే వాడికి వ్యాపారం.

మనవైపేమో, ఆ 5 లక్షలు అందక మనం బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాం. వాయిదా రోజు కూలి పోద్ది, బస్సు ఖర్చు, లాయరు ఫీజు అదనం. కాబట్టి వాయిదా ఇచ్చిన ప్రతిసారీ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి డబ్బు కదులుతంది. ఇది అర్థమైన జడ్జి విచక్షణ ఉన్నచోట వడ్డీ సరిగ్గా వేస్తాడు, ఊరికే అడిగిన వాయిదాకి ఖర్చులు వేస్తాడు. దీనికి పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లా, వడ్డీ లెక్క చాలు.

కాయితం లేని కౌలు

భూసేకరణ చూడండి. 2013 చట్టం ప్రకారం ధర కట్టేది చుట్టుపక్కల గత మూడేళ్ళ రిజిస్ట్రేషన్లు చూసి, అందులో ఎక్కువ ధర పలికిన సగం సగటు తీసి. దానికి నూటికి నూరు శాతం సొలేషియం. బాగానే ఉంది. కానీ స్టాంపు డ్యూటీ తగ్గుద్దని ఊరంతా తక్కువకి రాయించుకుంటే, రేపు రోడ్డుకో పోర్టుకో భూమి పోయేటప్పుడు ఆ తక్కువే మన మెడకి చుట్టుకుంటది. రిజిస్టర్లో ధరకీ, చేతులు మారే ధరకీ తేడా ఎందుకొస్తదో తెలిసిన జడ్జి ఇతర సాక్ష్యాలు కూడా అడుగుతాడు. తెలియనోడు రిజిస్టరే దేవుడనుకుంటాడు.

అదే చట్టంలో, సొంత భూమి లేకపోయినా మూడేళ్ళుగా అక్కడ కౌలు చేస్తా దానిమీదే బతికే కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబం అన్నారు. మరి మూడేళ్ళ కౌలు ఎట్టా రుజువు చేస్తాం? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు తీసుకోవాలంటే యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని ఆయన భయం. పెట్టకపోతే ఆయనకి పోయేదేమీ లేదు. నష్టం లేని చోట ఎవడూ కదలడు. ఇది మంచితనం, చెడ్డతనం సంగతి కాదు, చట్టం ఎవరికి ఏ ఆశ, ఏ భయం పెట్టిందన్న సంగతి. కాబట్టి "కార్డు లేదు కాబట్టి కౌలు లేదు" అనేముందు, కార్డు ఎందుకు లేదో జడ్జిగారికి తెలిసుండాలి.

పాఠం ఎట్టా ఉండాలి

ఒక మాట అనేవాళ్ళుంటారు. జడ్జి చట్టం చూడాలి గానీ లాభనష్టాలు చూడటమేంటి, అది ఓటేసి గెలిచినోళ్ళ పని కదా అని. ఆ మాటలో బలం ఉంది. కాలవ కట్టేముందు ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నింపాలా వద్దా అన్నది లాభం చూసి తేల్చే సంగతి కాదు. తాగే నీళ్ళు హక్కు. ఎకనామిక్స్ ఎంత పోయింది, ఎవరికి పోయింది అని చెప్పగలదు. ఏది న్యాయం అని చెప్పలేదు. కానీ చట్టంలోనే మార్కెట్ విలువ, తగిన పరిహారం, సహేతుకమైన వడ్డీ అని మాటలున్నాయి. హరిత ట్రిబ్యునల్ చట్టంలో పాడు చేసినోడే కట్టాలి అన్న సూత్రమే రాసుంది. ఎంత కట్టాలో లెక్క రాకుండా ఆ సూత్రం అమలెట్టా అవుద్ది?

అందుకే క్లాసులు జరగాలి. అయితే డబ్బు ప్రజల ఖజానా నుంచే రావాలి, రేపు కోర్టుకి రాబోయే కంపెనీల నుంచి కాదు. పాఠం చెప్పేవాళ్ళు ఒకే బడి వాళ్ళు కాకూడదు. మార్కెట్ ఎట్టా పనిచేస్తదో చెప్పేవాళ్ళతోపాటు ఎక్కడ తప్పుద్దో చెప్పేవాళ్ళు ఉండాలి. కేసులు పుస్తకాల్లోవే కాకుండా, ఊట పట్టిన చేను, కార్డు లేని కౌలు, ఎగ్గొట్టిన చేపల డబ్బు, ఇంటి పని చేసే ఆడమనిషి ఇవి కూడా సిలబస్‌లో ఉండాలి. ఏం పాఠం చెప్పారో జనానికి కూడా తెలిసేట్టు బయట పెట్టాలి.

ఇక మన పని. జడ్జిగారికి ఎంత ఎకనామిక్స్ వచ్చినా ఫైల్లో లేని అంకె ఆయనకి కనపడదు. కంపెనీ వాడు అంకెలతో వస్తాడు, మనం కన్నీళ్ళతో వెళ్తాం. చదువుకున్న కుర్రోళ్ళు ఇళ్ళలో ఉన్నారు, చేతిలో ఫోను ఉంది. పక్కన చెరువు వచ్చే ముందు ఏడు ఎకరాకి ఎన్ని బస్తాలు అయ్యింది, వచ్చాక ఎన్ని అయ్యింది రాసిపెట్టండి. ధాన్యం తూకం చీటీలు పారేయొద్దు. ఊట నిలిచిన రోజు తేదీతో ఫోటో తీయండి. కౌలు డబ్బు చేతికివ్వకుండా ఫోన్లోనే వేయండి, అదే రేపు సాక్ష్యం. అమ్మ రోజంతా చేసే పనికి మనిషిని పెట్టుకుంటే ఊళ్ళో ఎంత అడుగుతారో కనుక్కోండి. లా చదివే చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, ఎకనామిక్స్ పేపరుని గట్టెక్కితే చాలనుకోవద్దు. రేపు కైకలూరు కోర్టులోనో గుడివాడ కోర్టులోనో మీరు లేచి నిలబడ్డప్పుడు, చేనుకి పోయింది ఎన్ని రూపాయలో చెప్పాల్సింది మీరే.